యాభై మీద నడిచిన ఆట

ఏది మంచిదో నువ్వే చెప్పు అని సిద్దిరాములును అడిగినవాళ్ళు అతని నలభై మూడేళ్ళ బతుకులో ఇద్దరే ఇద్దరు. మొదటివాడు సిరిసిల్లలో వీడియోగేమ్ దుకాణం నడిపిన అజీముద్దీన్. రెండోవాడు కరీంనగర్ మంకమ్మతోటలో కాఫీ హోటలు పెట్టి, దాని పై అంతస్తును ఆటల గదులుగా మార్చిన భానుప్రసాద్. ఈ ఇద్దరికీ నడుమ గడిచిన ముప్పై ఏళ్ళలో అతని అభిప్రాయం ఎవరికీ అవసరపడలేదు. ఏ నూలు ఎక్కాలో సేఠు చెప్పాడు. ఒక్క మనిషి ఎన్ని మగ్గాలు చూసుకోవాలో మగ్గాల సొంతదారు అయిన ఆసామి చెప్పాడు. పని ఎప్పుడు ఆగిపోవాలో ఎక్కడో ఎవరో, అతను ముఖం కూడా ఎరగనివాళ్ళు చెప్పారు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. అజీముద్దీన్ దుకాణం ఒక సాంచాల షెడ్డుకు ముందుగది. గోడకు అవతల సాంచాలన్నీ ఒక్కసారిగా కొట్టుకుంటుంటే, ఇవతల రెండు టీవీల ముందు పిల్లలు నేలమీద కూచుని ఆడేవారు. టీవీ శబ్దం పెట్టినా వినపడదు కనుక అజీముద్దీన్ దాన్ని పూర్తిగా తగ్గించి ఉంచేవాడు. ఆ వాడలో ఒక తరం పిల్లలు ఆ ఆటలన్నిటినీ సంగీతం లేకుండానే నేర్చుకున్నారు. వాటికి సంగీతం ఉంటుందన్న సంగతే వాళ్ళకు తెలియదు. అసలు పేర్లూ తెలియవు. ట్యాంకుల ఆట, అన్నదమ్ముల తుపాకుల ఆట, పుట్టగొడుగుల ఆట అని తామే పేర్లు పెట్టుకున్నారు.

అప్పట్లో ఆటలు కేసెట్లలో వచ్చేవి. కేసెట్‌ మీద అబద్ధం రంగుల్లో అచ్చయి ఉండేది. లక్ష ఆటలు ఒక్కదాంట్లోనే అని పైకాగితం చెప్పేది. లోపల ఇరవయ్యో ముప్పయ్యో ఉండేవి. వాటినే రంగు మార్చి, పేరు మార్చి, మొదటి దశకు బదులు మూడో దశ నుంచి మొదలుపెట్టి, వరుసలో మళ్ళీ మళ్ళీ ఎక్కించేవారు. ఈ మోసాన్ని పట్టుకునే నేర్పు సిద్దిరాములుకు పన్నెండో ఏటనే వచ్చింది. వరుసను అడుగుదాకా తోసుకుంటూ పోయి ఆటలు ఎక్కడ తిరగబెడుతున్నాయో చూసేవాడు. రెండో రిమోట్ పనిచేస్తుందా, తెర ఎక్కడ వణుకుతుంది, చివరి దశ అనేది నిజంగా ఉందా లేక ఆట నడిమిట్లో నిలిచిపోతుందా అని ఆడి తేల్చేవాడు. అజీముద్దీన్ కేసెట్లు కొనడానికి హైదరాబాద్ పోతే అతన్ని వెంటబెట్టుకునే పోయేవాడు.

"గీ పోరడు వద్దంటే వద్దే," అని అక్కడి వ్యాపారులతో అనేవాడు. "వీనికి పైన లేబుల్ కనబడది భాయ్. లోపలి మాలే కనబడతది."

మరుసటేడు సిద్దిరాములు బాపు దగ్గు ముదిరి మంచం పట్టాడు. కొడుకు గోడకు ఇవతలి నుంచి అవతలికి పోయాడు. పద్నాలుగేళ్ళు నిండని పిల్లవాణ్ణి యంత్రం ముందు నిలబెట్టడం నేరమని చట్టం అప్పటికే చెప్పింది. ఆ షెడ్డులో ఆ నేరం కరెంటు ఉన్నంతసేపూ, ప్రతి రోజూ, తలుపులు తెరిచే జరిగింది. దానికి ఫిర్యాది లేడు, సాక్షి లేడు, ముద్దాయి అంతకన్నా లేడు. కార్మికుడు ఉన్నాడు గానీ, అతను కూడా ఏ హాజరుపట్టీలోనూ లేడు.

ఆ గోడ అవతలే అతను పెద్దవాడయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు, కుడిచెవిని పూర్తిగా, ఎడమచెవిని సగం పోగొట్టుకున్నాడు. సాంచాల మధ్య చెవులు పోవడాన్ని అక్కడ జబ్బు అనరు, వయసు అంటారు. జబ్బు అంటే ఎవరో ఒకరు బాధ్యులవుతారు. వయసుకు ఎవరూ బాధ్యులు కానక్కరలేదు. చీరల ఆర్డర్లు ఆగిపోయాక వాడలో సాంచాలు ఒకటొకటిగా ఆగాయి. నిరుటి నుంచి వారానికి మూడు రోజుల పని దొరకడమే గొప్పయింది. మిగతా రోజుల్లో అతను ఇంట్లోనే కూచునేవాడు. ఎదురుగా భార్య మమతారాణి ఒళ్ళో చాట పెట్టుకుని, మెడ వంచి బీడీలు చుట్టేది.

అటువంటి ఒక పూట అజీముద్దీన్ చిన్నకొడుకు తౌసీఫ్ ఫోన్ చేశాడు. తండ్రి చనిపోయి, దుకాణం మూతపడి చాలా ఏళ్ళయింది. తౌసీఫ్ ఫోన్లు, టీవీలు బాగుచేయడం నేర్చుకుని, తల్లితో కరీంనగర్ చేరి, భానుప్రసాద్ దగ్గర యంత్రాలు చూసుకునే పనిలో కుదిరాడు.

"సిద్దన్నా, ఒక పనున్నది. నీ లెక్కటోడే కావాలె."

"ఏం పని రా?"

"ఆటలు ఏరుడు."

"పొద్దుగాల్నే మజాక్ చేస్తున్నవా?"

"మజాక్ గాదన్నా. మా సారు పాత ఆటలకు ఒక రూమే కడుతుండు. గిప్పుడు కంపెనీలోళ్ళే తమ పాత ఆటలన్నీ ఒక్కతాన కూర్చి, కొత్తగ అమ్ముతుండ్రు. మస్తు రకాలున్నయి. ఏది కొనాలె, ఏది కొనద్దు, సారుకు సమజైతలేదు. మా అబ్బా నీ గురించి చెప్పేటిదంత సారుకు చెప్పిన. తోల్కరా అన్నడు."

మమతారాణి సంగతి విని, "ఆటలాడితే జీతమిస్తరా? ఇన్నేండ్లు ఏడవోయిన్రు గా పుణ్యాత్ములు?" అన్నది. కాసేపటికి కత్తెర పక్కన పెట్టి, "కూసోని చేసే పనైతే పో. కాళ్ళు సూసుకున్నవా, ఎట్ల ఉబ్బినయో," అన్నది.

భానుప్రసాద్ ముప్పై దాటని మనిషి. హైదరాబాద్‌లో చదువుకుని, సొంత ఊళ్ళో ఏదైనా కొత్తది చేయాలని తిరిగి వచ్చాడు. కసిరి మాట్లాడడు, భుజం మీద చెయ్యి వేసి మాట్లాడతాడు. అతను చూపించిన గది గుమ్మం మీద 'మన చిన్నతనం' అని ఎర్ర దీపాల అక్షరాలున్నాయి. గోడకు అలంకారంగా ఒక పాత సాంచా నాడెను మేకులు కొట్టి బిగించారు. సాంచాలో ఇటు నుంచి అటు దూసుకుపోయే ఆ కొయ్యముక్క ఎన్నడైనా దారి తప్పితే కన్ను పోతుంది. సిద్దిరాములు దానికి ఎదురుగా కాకుండా పక్కకు జరిగి నిలబడ్డాడు.

"నెల రోజులు ట్రయల్ అన్నా," అన్నాడు భానుప్రసాద్. "నువ్వు చెప్పినవే కొంటా. ఓపెనింగ్ మంచిగైతే గీ రూముకు నువ్వే ఇన్‌చార్జి. నెల జీతం, కూసోని పని. ఏమంటవ్?"

"సరే సార్."

ఆ నెలకు జీతమెంతో అతను అడగలేదు, భానుప్రసాద్ చెప్పలేదు. కాగితం మీద ఏమీ రాయలేదు. జీతం లేని ట్రయల్ అనేదాన్ని ఏ చట్టమూ ఎరగదు. అయితే చట్టం ఎరగనివి ఈ జిల్లాలో హాయిగా బతుకుతూనే ఉన్నాయి. వాటికి కావలసిందల్లా ఎదుటి మనిషి అవసరం.

పరీక్షకు ఐదు సంకలనాలు తెప్పించారు. సిద్దిరాములు పాత పద్ధతినే పట్టుకున్నాడు. పైబొమ్మ చూడలేదు, లెక్క నమ్మలేదు. అన్నిటికన్నా పెద్దదాంట్లో వందకు పైగా ఆటలున్నాయి. అది భానుప్రసాద్‌కు బాగా నచ్చింది. సిద్దిరాములు వరుస అడుగుదాకా పోయి చూశాడు. ఇప్పటివాళ్ళు పాత వ్యాపారుల్లా పచ్చిగా తిరగబెట్టలేదు. ఒకే ఆటను నాలుగు రకాల పాత యంత్రాల మీద ఎట్లా ఉండేదో చూపించి నాలుగుగా లెక్కగట్టారు. మిగిలినవాటిలో సగం, ఒకసారి ఆడినవాడు రెండోసారి ముట్టనివి.

"గీ వందల పదిహేనున్నయి సార్," అన్నాడు.

రెండోదాంట్లో బొమ్మ అద్దంలా ఉంది. కానీ బొత్తం నొక్కినప్పటికీ తెరమీద మనిషి ఎగిరినప్పటికీ మధ్య వెంట్రుకవాసి ఎడం ఉంది. తౌసీఫ్ టీవీ అమరికను ఆటలకు తగినట్టు మార్చాక కొంత తగ్గింది గానీ పోలేదు. మిగతా సంకలనాలు అదే టీవీ మీద వెంటనే పలికాయి. తప్పు టీవీది కాదని తేలాక సిద్దిరాములు దాన్ని పక్కన పెట్టేశాడు. మూడోది ఒక మ్యూజియం. ఆటలతోపాటు పాత ఫొటోలు, గీసిన చిత్తుబొమ్మలు, తయారుచేసినవాళ్ళ ముచ్చట్లు ఉన్నాయి. "ఇంట్ల కూసోని చూసేటోళ్ళకు మంచిది సార్. గంటకు పైసలు కట్టి ఆడేటోనికి గాదు," అన్నాడు. నాలుగోది కొట్లాట ఆటలది. ఇద్దరు పక్కపక్కన కూచుంటే గదంతా గోల లేస్తుంది. దాన్ని రెండో తెరకు ఖాయం చేశాడు.

ఐదోది పెట్టె మీద చూడ్డానికి ఏమీ లేదు. ఆటలు పన్నెండే. కానీ పన్నెండింటికీ మొదలూ చివరా ఉన్నాయి, రెండు రిమోట్లూ పలుకుతాయి, నలుచదరపు పాత బొమ్మను వెడల్పు తెరకోసం సాగదీయలేదు. ఎక్కడ ఆపినా అక్కడి నుంచే మళ్ళీ ఆడవచ్చు. ఒక్కో ఆట ఏ దేశంలో ఏ తీరుగా వచ్చిందో ఆ తీరులన్నీ విడివిడిగా ఇచ్చారు. అందులో అన్నదమ్ముల తుపాకుల ఆట కూడా ఉంది.

"గిదే," అన్నాడు సిద్దిరాములు. "పెద్ద తెరకు గిదే పెట్టున్రి."

ఆ మాట చెప్పాక, ముప్పై ఏళ్ళ తర్వాత మొదటిసారి దాన్ని మనసుపెట్టి ఆడటానికి కూచున్నాడు. మొదటి దశలోనే చచ్చాడు. మళ్ళీ ఆడాడు, మళ్ళీ చచ్చాడు. తూటా ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు, ఎక్కడ వంగాలో తెలుసు. అతను వంగేలోపే అది వచ్చేది.

తౌసీఫ్ చూడకుండా తెర ఆపేశాడు. ఆ రోజు బస్సులో వేములవాడ దాటేదాకా తన అరచేతులను తిప్పి తిప్పి చూసుకున్నాడు. సాంచాలు చెవులనే తీసుకున్నాయనుకున్నాడు. చేతులను కూడా తీసుకున్నాయేమో. ఇంటికి పోయి రెండు పోగులు తీసి ముడి వేశాడు. ముడి ఎప్పటిలాగే రెప్పపాటులో పడింది. మమతారాణి తలెత్తి, "ఇంట్ల గూడ ముడులేనా?" అన్నది. ముడి వేయగల వేళ్ళు బొత్తం మీద ఎందుకు మొద్దుబారాయో అతనికి అర్థం కాలేదు. ఆ తర్వాత చాలా రోజులు మిగతా ఆటలు పరీక్షిస్తున్నానంటూ ఆ ఒక్కదాన్ని తప్పించుకు తిరిగాడు. గదికి ఇన్‌చార్జి కావలసినవాడు ఆడలేడని తెలిస్తే ఏమవుతుందో అతను ఒకరిని అడగనవసరం లేదు.

ఒక మధ్యాహ్నం ఆ సంకలనంలోని అమరికలు ఒక్కొక్కటీ తెరిచి చూస్తుంటే ఒకచోట రెండు అంకెలు కనిపించాయి. అరవై, యాభై. అరవై మీద గుర్తు పెట్టి ఉంది. ఇంగ్లీషు చదవడం అతనికి అంతంతమాత్రమే గానీ ఆ యాభైని అతను గుర్తుపట్టాడు. ప్రతి సాంచా మోటారుకూ బిగించిన రేకు మీద ఉండే యాభై అది, కరెంటు లెక్క. గుర్తును యాభై మీదికి జరిపాడు. ఆట మళ్ళీ మొదలైంది.

తెర మీద మనిషి కాస్త నిదానంగా, కాస్త బరువుగా నడిచాడు. సిద్దిరాములు వేళ్ళు అతన్ని అడగకుండానే వంగాయి, ఎగిరాయి, కాల్చాయి. మొదటి దశ, రెండో దశ, జలపాతం, మంచు కొండ. ఒక్క ప్రాణం పోకుండా చివరిదాకా పోయాడు. వెనక తౌసీఫ్ ఎప్పటి నుంచి నిలబడ్డాడో అతనికి తెలియదు.

"యా అల్లా," అన్నాడు తౌసీఫ్. "మా అబ్బా ఉండి సూస్తే, నిన్ను ఎత్తుకోని తిరుగుతుండె."

సిద్దిరాములు ఎడమచెవిని టీవీ వైపు తిప్పాడు. "గీ పాట ముందుగాల్నుంచే ఉన్నదా దీంట్ల?"

"ఉన్నదన్నా. సాంచాల చప్పుడుకు మనకు వినబడలే."

కాసేపు ఇద్దరూ ఆ పాట విన్నారు. తర్వాత తౌసీఫ్ ఫోన్‌లో వెతికి అసలు సంగతి చెప్పాడు. ఆ ఆటలు జపాన్‌లో తయారయ్యాయి. అక్కడి టీవీలు సెకనుకు అరవైసార్లు బొమ్మ మారుస్తాయి, ఇక్కడి పాత టీవీలు యాభైసార్లు. బొమ్మ మారినప్పుడల్లా ఆట ఒక్క అడుగు వేస్తుంది. అక్కడ ఆరడుగులు వేసేలోపు ఇక్కడ ఐదే వేసింది.

"అంటే మేమాడింది దొంగ ఆటనా?"

"దొంగది గాదన్నా. జర నిమ్మలంగ నడిచింది, అంతే."

చేతులు పోలేదని తెలిసిన ఊరట, ఆడింది అసలు ఆట కాదని తెలిసిన అవమానం ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు అనుభవించాలో సిద్దిరాములుకు తెలియలేదు.

ప్రారంభానికి రెండు రోజుల ముందు తౌసీఫ్ గుమ్మం దగ్గర అతన్ని ఆపాడు. "అన్నా, నా మాట ఇను. అరవై మీదనే ఉంచు. నెట్టుల అందరు అదే కరెక్టు అంటుండ్రు. కంపెనీ ఎట్లిచ్చిందో గట్లనే వదిలెయ్. నీ నౌకరీ పక్కా అయినంక నీ ఇష్టం."

"సారు నన్నేమడిగిండు? ఏది మంచిదని అడిగిండు. గా బోర్డు మీద ఏం రాసున్నది?"

"మన చిన్నతనం."

"జపానోళ్ళ చిన్నతనమని రాయలే గదా? మనది యాభై మీదనే నడిచింది. సిరిసిల్లల, మంథనిల, ఖానాపూర్‌ల, ఏ ఊళ్ళె ఆడినోడైనా యాభై మీదనే ఆడిండు. అరవై పెట్టి, గిదే మీ చిన్నతనమని చెప్తే లేబుల్ అబద్ధమైతది."

ఈ వాదనలో లోపం లేదు. ఏ న్యాయస్థానంలోనైనా నిలబడే వాదనే. కానీ అది పూర్తి నిజం కాదని అతనికి తెలుసు. అరవై మీద తాను ఆడలేడన్నది రెండో కారణం. ఆ కారణాన్ని అతను తౌసీఫ్‌కు చెప్పలేదు. తనకు తాను కూడా గట్టిగా చెప్పుకోలేదు. భానుప్రసాద్‌కు మాత్రం, "స్పీడు మన పాత తీరుగ పెట్టిన సార్," అని చెప్పాడు. భానుప్రసాద్ ఫోన్‌లో మాట్లాడుతూనే, "నీకే వదిలేసిన అన్నా, నువ్వు ఎక్స్‌పర్ట్‌వి," అని భుజం తట్టిపోయాడు. మర్నాడు గుమ్మం పక్కన ఒక బోర్డు వెలిసింది: 'నిపుణుడు ఎంపిక చేసిన ఆటలు'. నిపుణుడి పేరు వేయలేదు.

ప్రారంభం ఆదివారం మధ్యాహ్నం జరిగింది. మమతారాణి ఉతికి మడతపెట్టిన తెల్ల అంగీ వేసుకుని సిద్దిరాములు పెద్ద తెర పక్కన నిలబడ్డాడు. గది నిండింది. మొదట కూచున్నవాళ్ళలో అరుణ్‌కుమార్ అనే ఇంజినీరింగ్ విద్యార్థి ఉన్నాడు. ఆటల మీద వీడియోలు చేసి పెడతాడని భానుప్రసాద్ పిలిపించిన కుర్రవాడు. స్నేహితుడొకడు ఫోన్‌తో తీస్తున్నాడు. అరుణ్‌కుమార్ రిమోట్ అందుకుని నాలుగడుగులు నడిపి ఆగాడు.

"భయ్యా, లాగ్ ఉన్నది. మెల్లగ నడుస్తున్నది."

"లాగ్ గాదు తమ్మీ," అన్నాడు సిద్దిరాములు. "యాభై మీద ఉన్నది."

"యాభై ఎందుకు పెట్టిన్రు? ఒరిజినల్ అరవై గదా?"

"ఈడ గట్లనే నడిచింది. మేం గట్లనే ఆడినం."

అరుణ్‌కుమార్ చెడ్డవాడు కాదు. ఫోన్ వైపు తిరిగి, అలవాటుగా, నవ్వించడానికి అన్నాడు: "అంటే మనోళ్ళంత ఈజీ మోడ్‌ల ఆడి చాంపియన్లైన్రన్నట్టు!"

గదంతా నవ్వింది. సిద్దిరాములుకు నవ్వు సగమే వినిపించింది, నోళ్ళు అన్నీ కనిపించాయి. భానుప్రసాద్ ముందుకొచ్చి, నవ్వుతూనే, "అన్నా, అరవై పెట్టు. నువ్వే ఒకసారి ఆడి చూపియ్. మన ఎక్స్‌పర్ట్ అంటే ఏందో తెల్వాలె," అన్నాడు. కాదనడానికి వీల్లేని మర్యాద అది.

అతను కూచుని ఆడాడు. మొదటి ప్రాణం వంతెన దగ్గర పోయింది. రెండోది అక్కడే. మూడో ప్రాణంతో ఆడేటప్పుడు ముందే వంగుతున్నాడు, తూటా రాకముందే. భయంతో తొందరపడిన వేళ్ళు అటు పాత లెక్కకూ చెందలేదు, ఇటు కొత్త లెక్కకూ చెందలేదు. ఆట ముగిసిందని తెర చెప్పింది. వెనక నుంచి ఎవరో "ఎక్స్‌పర్ట్!" అని అరిచారు. భానుప్రసాద్ చప్పట్లు కొట్టి, "నెక్స్ట్ ఎవరు?" అన్నాడు.

ఆ తర్వాత గది సాయంత్రందాకా ఖాళీ కాలేదు. పెద్ద తెర ముందు వంతు కోసం వరుస కట్టారు. రెండో తెర దగ్గర కొట్లాట ఆటల గోల కిందికి, హోటలుదాకా వినిపించింది. అరుణ్‌కుమార్ వీడియోలో ఆటల కలెక్షన్ మాత్రం సూపర్ అని రెండుసార్లు అన్నాడు. సిద్దిరాములు ఏరిపెట్టిన దాంట్లో ఒక్కటి కూడా తప్పు పోలేదు, ఆ ఒక్క అంకె తప్ప.

అందరూ పోయాక భానుప్రసాద్ అతన్ని కూచోబెట్టి, కాఫీ తెప్పించాడు.

"అన్నా, కలెక్షన్ మంచిగ పెట్టినవ్. దాంట్ల డౌటే లేదు. కాని ఇన్‌చార్జి అంటే పోరలకు జవాబు చెప్పాలె. నీకు వినబడుడు గూడ జర తక్కువున్నది. ఎవరన్న చిన్న వయసోణ్ణి చూస్తా. నీ అవసరం పడ్డప్పుడు ఫోన్ చేస్తా, సరేనా?"

సిద్దిరాములు కాఫీ తాగి లేచాడు. అడిగింది తౌసీఫే. "సార్, మరి గీ నెల పైసలు?"

"ఏం పైసలు తౌసీఫ్? నెలంత ఏసీల కూసోని ఆడుకున్నడు గదా. ట్రయల్ అని ముందుగాల్నే చెప్పిన."

అతను అబద్ధం చెప్పలేదు. ముందే చెప్పాడు. ఈ కాలపు దోపిడీకి అబద్ధంతో పని లేదు. అన్నీ ముందే, నవ్వుతూ, భుజం మీద చెయ్యి వేసి చెప్పేస్తుంది.

ఇంట్లో మమతారాణి అంతా విని, కత్తెర మళ్ళీ చేతిలోకి తీసుకున్నది. "నౌకరీ ముఖ్యమా, నీ యాభై ముఖ్యమా?" అన్నది. సమాధానం కోసం అడిగిన ప్రశ్న కాదది. ఆకు కత్తిరిస్తూ మళ్ళీ, "అరవై మీద ఆడలేనని ఉన్నదున్నట్టు చెప్పితే మంచిగుంటుండె. పెద్ద నీతిమంతుని లెక్క బోర్డు ముచ్చట చెప్పినవట, తౌసీఫ్ చెప్పిండు," అన్నది. ఆమె తన రెండో కారణాన్ని ఇంత తేలికగా ఎట్లా పట్టుకున్నదో సిద్దిరాములుకు తెలియలేదు. బహుశా ఆ రోజు ముడి వేసి చూసుకున్నప్పుడే పట్టుకున్నది.

ఆ వారంలోనే తౌసీఫ్ సెలవు పెట్టి, అతన్ని బలవంతంగా కార్మిక శాఖ కార్యాలయానికి తీసుకుపోయాడు. ఫిర్యాదు తానే రాశాడు. "నువ్వు సంతకం పెట్టు చాలు. సాక్షి నేను చెప్తా. నెల రోజులు నా కండ్ల ముంగటనే పని చేసినవ్," అన్నాడు.

"నీ నౌకరీ?"

"పోతే పోనీ. ఇంకోటి దొరుకతది."

దొరుకుతుందో లేదో ఇద్దరికీ తెలుసు. తౌసీఫ్ ఇంట్లో తల్లి లతీఫున్నీసా ఉంది. ఆమె మందులు ప్రతి నెలా అతని జీతం నుంచే వస్తాయి. సిద్దిరాములు చిన్నతనంలో ఆకలితో దుకాణంలో కూచున్న పూటల్లో ఇంటి నుంచి రొట్టె పంపింది ఆమే.

తౌసీఫ్ బయట బండి దగ్గర ఉండిపోయాడు. లోపల అధికారిణి ఫిర్యాదు మొత్తం చదివింది. విసుక్కోలేదు. కూచోమన్నది. అతనికి వినపడటం లేదని గమనించి గొంతు పెంచింది.

"ఏం పని చేసిన్రు మీరు అక్కడ?"

"ఆటలు ఏరిన మేడం."

"అంటే? కొంచెం వివరంగ చెప్పండి. దాన్ని పని అని చూపించాలి. జీతం మాట్లాడుకున్న కాగితం ఏమన్న ఉన్నదా?"

"లేదు."

"మరి సాక్షి? పక్కన పనిచేసేవాళ్ళు ఒక్కరు చెప్పినా నోటీసు ఇస్తా. పేరు చెప్పండి."

చట్టంలో కార్మికుడి నిర్వచనం విశాలమైనది. నైపుణ్యం ఉన్న పనీ, లేని పనీ, సాంకేతికమైన పనీ అందులోకి వస్తాయి. ఐదింటిని పరీక్షించి రెంటిని నిలబెట్టడం పనేనని, ఆ పని మీదనే ఇవాళ ఒక గది నడుస్తున్నదని, దానికి కూలి ఎగ్గొట్టడం నేరమని నిరూపించడం కష్టం కాదు. ఒక్క పేరు కావాలి. ఆ పేరు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని బండికి ఆనుకుని నిలబడి ఉంది.

సిద్దిరాములు చెయ్యి చాపి, బల్ల మీది కాగితాన్ని మెల్లగా తనవైపు లాక్కున్నాడు.

"పనేం గాదు మేడం," అన్నాడు. "ఉత్తగ ఆడుకున్న."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఆలోచించుకోండి. మళ్ళీ రావచ్చు," అన్నది. అతను దండం పెట్టి బయటికొచ్చాడు.

"ఏమన్నరు?" తౌసీఫ్ ఎదురొచ్చాడు. అతని చేతిలో మడిచిన కాగితం చూసి ఆగిపోయాడు. "వాపస్ తీస్కున్నవా? నా కోసమా? నిన్ను నేనడిగిన్నా? నీకు ఏం హక్కున్నది సిద్దన్నా నా సంగతి నువ్వు ఫైసలా చేసేతందుకు?"

తౌసీఫ్ నిలబడింది కుడిచెవి వైపు. సిద్దిరాములు విన్నాడో లేదో ముఖంలో తెలియలేదు. "సెలవు ఒక్క పూటనే గదా పెట్టినవ్," అన్నాడు. "పో. రూము తెరిచే యాళ్ళయింది."

తౌసీఫ్ బండి తీసి పోయాడు. సిద్దిరాములు బస్టాండుదాకా నడిచాడు. అక్కడ బెంచీ మీద కూచుని, ఫోన్ ఎడమచెవికి ఆనించుకుని ఆసామికి చేశాడు. మూడు రోజుల పనైనా సరే, రెండు రోజులదైనా సరే, ఏ పూట రమ్మంటే ఆ పూట వస్తానన్నాడు. ఆసామి ఏమన్నాడో బస్సుల మోతలో అతనికి వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడిగాడు.